నల్లరాతి ఎడారిలో రాకెట్ల వేట

పిల్లలూ! దీపావళి రాత్రి మీరు తారాజువ్వ వెలిగించే ఉంటారు. అది రివ్వున పైకి లేచి, రంగురంగుల చుక్కలు రాల్చి ఆరిపోతుంది. అందరూ చప్పట్లు కొడతారు. కాని దాని పుల్ల ఎక్కడ పడిందో మీలో ఎవరైనా వెతికారా? వెతికి ఉండరు. ఒక్క వెదురు పుల్ల కోసం చీకట్లో ఎవరు తిరుగుతారు? అది పక్కవారి పాకమీద పడి చిటపటలాడితే మాత్రం ఊరంతా వెతుకుతుంది!

ఇప్పుడు ఆ తారాజువ్వ మీకంటె పొడవైనది అనుకోండి. అందులో మీరూ, మీ స్నేహితులూ నాలుగు నెలలు కష్టపడి చేసిన యంత్రం ఒకటి ఉన్నదనుకోండి. అది రెండు మైళ్ళకు పైగా ఎగిరి, గాలివాటున కొట్టుకుపోయి, కంటికి ఆననంత దూరంలో ఎక్కడో దిగిందనుకోండి. అప్పుడు వెతకకుండా ఊరుకుంటారా? ఊరుకోరు. మరి ఎలా వెతుకుతారు?

ఈ ప్రశ్నకు జవాబు నేను అమెరికాలో, నెవాడా అనే రాష్ట్రంలో, బ్లాక్ రాక్ ఎడారిలో చూశాను. బ్లాక్ రాక్ అంటే నల్లరాయి. అందుచేత దానిని మనం నల్లరాతి ఎడారి అందాం. రండి, ముందు అక్కడికి పోదాం.

మా అమ్మాయి, అల్లుడుగారు కాలిఫోర్నియాలో ఉంటారు. వారికి ఒక్కతే కూతురు. దానికి అప్పటికి 12 ఏళ్ళు. సెప్టెంబరులో ఒకనాటి తెల్లవారుజామున మేమంతా కారులో బయలుదేరాము. వెనక పెట్టెలో ఏడడుగుల రాకెట్టు మూడు ముక్కలుగా విప్పి దుప్పట్లలో చుట్టి ఉన్నది. పక్కన పెద్ద నీళ్ళ డబ్బాలు, రొట్టెలు, మా ఇంటావిడ చేసిన పులిహోర.

శాక్రమెంటో నగరం దాటాక దారి సియెరా నెవాడా పర్వతాలు ఎక్కడం మొదలుపెడుతుంది. డానర్ కనుమ దగ్గర రోడ్డు ఎత్తు 7,000 అడుగులకు పైమాట. అంతవరకూ దేవదారు చెట్లు, సెలయేళ్ళు. కనుమ దిగి రీనో పట్టణం చేరేసరికి చెట్లు మాయమైపోతాయి. ఎందుకో తెలుసా? పసిఫిక్ సముద్రం మీదినుంచి వచ్చే మేఘాలు పర్వతాలకు అవతలి పక్కనే తమ నీటిని కుమ్మరించి, ఇవతలికి వట్టి చేతులతో వస్తాయి. మనకు పడమటి కనుమల అవతల కుండపోతగా కురిసి, ఇవతల రాయలసీమలో చినుకు కరువయ్యేది కూడా చాలావరకు ఇందువల్లనే.

రీనో దాటాక పెద్ద రోడ్డు విడిచి ఉత్తరానికి తిరిగాము. అక్కడ ట్రకీ అనే నది మాకు తోడు వచ్చింది. ఈ నది సముద్రంలో కలవదు. పిరమిడ్ అనే సరస్సులో కలిసి అక్కడే ఆగిపోతుంది. సరస్సులో పిరమిడ్ ఆకారంలో ఒక రాయి ఉండటం చూసి, 1844లో అటు వచ్చిన ఫ్రీమాంట్ అనే యాత్రికుడు ఆ పేరు పెట్టాడు. అంతకు ఎన్నో తరాల ముందునుంచీ అక్కడ పాయూట్ జాతివారు ఉంటున్నారు. ఆ సరస్సు ఈనాటికీ వారిదే.

ఇంకా ముందుకు పోతే ఎంపైర్ అనే ఊరు వచ్చింది. 2011లో అక్కడి జిప్సం కర్మాగారం మూసివేస్తే ఊరు ఊరంతా ఖాళీ అయింది. చివరకు ఆ ఊరి తపాలా నంబరు కూడా రద్దు చేశారు! తరువాత కొన్నేళ్ళకు గని మళ్ళీ తెరిచారు. దానిని దాటితే గెర్లాక్. పెట్రోలు, నీళ్ళు నింపుకోవలసిన ఆఖరి ఊరు అదే. ఆ తరువాత రోడ్డు దిగి కారు ఎడారిలోకి పోయింది.

ఎడారి అనగానే మీకు ఇసుక తిన్నెలు, ఒంటెలు గుర్తుకు వస్తాయి. ఇక్కడ అవేమీ లేవు. వేసవిలో మన ఊరి చెరువు ఎండిపోయి నేల నెర్రెలు విచ్చుతుంది కదా! అలాంటి చెరువు అడుగు చుట్టూ ఉన్న కొండల పాదాల దాకా పరుచుకుని ఉన్నదని ఊహించుకోండి. చెట్టు లేదు, గట్టు లేదు, రాయి లేదు. బల్లమీద పరిచిన కాగితంలాగా ఉంటుంది. నిజానికి అది ఒకప్పటి సరస్సు అడుగే. వేల ఏళ్ళ క్రితం, మంచుయుగంలో, ఇక్కడ లహోంటన్ అనే మహాసరస్సు ఉండేది. వాన తగ్గి, ఎండలు ముదిరి అది ఇగిరిపోయింది. పిరమిడ్ సరస్సు దాని మిగులే. ఎడారి మాత్రం సముద్రమట్టానికి సుమారు 3,900 అడుగుల ఎత్తున ఉన్నది.

నేల బూడిదరంగు చవుడు. మన చాకలివారు పూర్వం బట్టలు ఉతకడానికి వాడిన చవిటి మన్ను ఎరుగుదురా? ఇదీ ఆ జాతిదే. చెప్పులు లేకుండా ఒక పూట తిరిగితే కాళ్ళు పగులుతాయి. అందుకని అక్కడివారు సాయంత్రం వెనిగరు కలిపిన నీళ్ళతో పాదాలు కడుక్కుంటారు. చవుడుకు విరుగుడు పులుపు! ఒక్క గట్టి వాన పడితే ఈ నేలంతా జిగురు బురద అయిపోయి కార్లు కదలలేవు. గాలి లేస్తే ధూళి గోడలాగా నిలబడి, చాచిన చెయ్యి కూడా కనబడదు.

1849లో కాలిఫోర్నియాలో బంగారం దొరికిందని విని బయలుదేరిన ఎద్దుబండ్లు ఎన్నో ఈ దారినే వచ్చాయి. ఈశాన్యపు మూల కనిపించే నల్లని కొండ వారికి గుర్తు. ఆ కొండే నల్లరాయి. దాని పాదాన వేడినీటి ఊట ఒకటి ఉన్నది.

ఇంత చదునైన, ఇంత ఖాళీ అయిన చోటు దొరకడం అరుదు. అందుకే 1997 అక్టోబరు 15న థ్రస్ట్ అనే కారు ఇక్కడ గంటకు 763 మైళ్ళ వేగంతో పరుగెత్తి, నేలమీద శబ్దవేగాన్ని దాటిన మొట్టమొదటి కారు అయింది. 2004 మే 17న ప్రభుత్వంతో సంబంధం లేని ఔత్సాహికుల బృందం ఒకటి ఇక్కడినుంచే రాకెట్టు వదిలి 72 మైళ్ళ ఎత్తుకు, అంటే అంతరిక్షం దాకా పంపింది. 2024 అక్టోబరు 20న దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విద్యార్థుల రాకెట్టు ఇక్కడినుంచే లేచి 4,70,000 అడుగులు ఎగిరింది. ఆ విద్యార్థులు మీ అక్కలు, అన్నల ఈడువారే!

మా అల్లుడుగారి రాకెట్టు అంత గొప్పది కాదు. 12,000 అడుగులు ఎగిరితే చాలునని వారి ఆశ. అయినా దానికీ నిబంధనలు బోలెడు. అంత పెద్ద మోటారు కొనాలంటే రాకెట్ల సంఘంవారి ఎదుట చిన్న రాకెట్టు ఎగరవేసి, చెక్కుచెదరకుండా దించి, యోగ్యతాపత్రం పొందాలి. విమానాలు ఆ దారిన రాకుండా విమానయాన శాఖ అనుమతి ఉండాలి. అనుమతించిన రోజున, అనుమతించిన ఎత్తువరకే ఎగరవేయాలి.

అంతకు ముందటి ఏడు వారు ఇదే ఎడారిలో నాలుగడుగుల ఎర్ర రాకెట్టు వదిలారట. అది మిట్టమధ్యాహ్నపు సూర్యుడిలోకి దూసుకుపోయింది. గొడుగు విచ్చుకోవడం ఎవరికీ కనబడలేదు. రెండు రోజులు వెతికారు. దొరకలేదు. డబ్బు నష్టం సరే. దొరకని రాకెట్టు ఎడారికి చెత్త. పైగా గొడుగును బయటికి నెట్టడానికి పెట్టిన మందు పేలకుండా లోపలే ఉంటే, ఎప్పుడో ఎవరో దానిని చేత్తో పట్టుకుంటారు. అది ఇంకా ప్రమాదం.

ఈసారి రాకెట్టులో మా మనుమరాలి యంత్రం కూడా ఉన్నది. అదీ, దాని ఇద్దరు స్నేహితురాళ్ళూ కలిసి, గాలి ఒత్తిడినీ, చలినీ సెకనుకు పదిసార్లు రాసుకునే చిన్న పలకను తయారుచేశారు. ఆ లెక్కలన్నీ వేలిగోరంత చీటీలో నిలవ ఉంటాయి. రాకెట్టు దొరికితేనే లెక్కలు దొరుకుతాయి. లేకపోతే బడిలో చూపడానికి ఏమీ ఉండదు.

"రాకెట్టు తానే ఎక్కడ ఉన్నదో చెపితే బాగుండును, తాతయ్యా," అన్నది ఒకనాడు.

"చెప్పగలదు. కాని దానికి నోరు ఇవ్వాలంటే ముందు నువ్వు పరీక్ష రాయాలి," అన్నారు వాళ్ళ నాన్న.

రాకెట్టుకు నోరేమిటి, దానికి పరీక్షేమిటి అనుకుంటున్నారా? చెపుతాను.

రాకెట్టు ముక్కులో అగ్గిపెట్టెకంటె కొంచెం పెద్దదైన పరికరం ఒకటి పెడతారు. అందులో రెండు భాగాలు. మొదటిది ఉపగ్రహాల మాట వింటుంది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జి.పి.ఎస్. ఉపగ్రహాలలో కనీసం నాలుగింటినుంచి సంకేతాలు అందితే, తాను భూమిమీద ఎక్కడ, ఎంత ఎత్తున ఉన్నదో అది లెక్క కట్టుకుంటుంది. రెండవది ఆ లెక్కను రేడియో తరంగాలమీద కిందికి పంపుతుంది. దాని బలం ఒక వాట్‌లో పదో వంతు మాత్రమే. అయినా మధ్యలో అడ్డు లేకపోతే మైళ్ళ దూరం వినబడుతుంది.

రేడియో తరంగాలు పంపడానికి అనుమతి ఎందుకు? కాలువ కింద సేద్యం ఉన్న ఊరి పిల్లలకు ఇది సులభంగా తెలుస్తుంది. కాలువలో నీరు అందరిదీ. అందుకనే వంతులు ఉంటాయి. ఎవరికి తోచినట్టు వారు గండికొడితే ఎవరి పొలమూ తడవదు. రేడియో తరంగాలు కూడా అంతే. ఒకే తరంగం మీద ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా వినబడదు. విమానాలకు ఒక వంతు, ఓడలకు ఒక వంతు, పోలీసులకు ఒక వంతు, టెలిఫోన్లకు ఒక వంతు. ఇలా పంచి, కొన్ని వంతులు ఔత్సాహికులకు కూడా కేటాయించారు. ఈ ఔత్సాహికులనే ప్రపంచమంతటా 'హామ్‌లు' అంటారు. వినడానికి అమెరికాలో అనుమతి అక్కరలేదు. పంపడానికే కావాలి. అనుమతి అక్కరలేని తరంగాల మీద పనిచేసే పరికరాలు కూడా దొరుకుతాయి. కాని హామ్ అయినవాడు తన యాంటెనాను తానే చేసుకుని పరీక్షించవచ్చు. టెలిఫోను పనిచేయని ఎడారిలో మైళ్ళ దూరాన ఉన్న తనవారితో మాట్లాడవచ్చు. అందుకని మావాళ్ళు ఈ దారి పట్టారు.

అమెరికాలో ఈ పరీక్షకు వయోనిబంధన లేదు. మోటారు కొనడానికి మా మనుమరాలు చిన్నది. హామ్ కావడానికి చిన్నది కాదు! మొదటి తరగతి పరీక్షలో 35 ప్రశ్నలు. ఒక్కొక్క దానికి నాలుగు జవాబులు ఇస్తారు, సరైనది గుర్తించాలి. 26 సరిపోతే ఉత్తీర్ణత. పూర్వం తంతి గుర్తులు, అంటే మోర్స్ కూడా రావలసి ఉండేది. ఈ తరగతికి 1991లోనూ, మిగిలిన తరగతులకు 2007లోనూ ఆ నిబంధన తీసివేశారు. ప్రశ్నలన్నీ ముందుగానే అచ్చువేసి అందరికీ ఇస్తారు. నాలుగు వందలకు పైగా ఉంటాయి.

"అయితే బట్టీ పడితే సరి!" అంటారేమో. నేను 35 ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. బట్టీ పట్టిన చదువు పరీక్ష హాలు గుమ్మం దాటదు. అందుకని రోజుకు పది ప్రశ్నలు చొప్పున, ప్రతి జవాబుకూ 'ఎందుకు?' అని అడుగుతూ, మా మనుమరాలి చేత చెప్పించాను.

ఒక లెక్క మీరూ చేయండి. రాకెట్టు 434 మెగాహెర్ట్‌జుల మీద మాట్లాడుతుంది. అంటే ఆ తరంగం సెకనుకు 43 కోట్ల 40 లక్షల సార్లు ఊగుతుంది. తరంగం సెకనుకు సుమారు 30 కోట్ల మీటర్లు పోతుంది. మరి ఒక్క అల పొడవెంత? 300ని 434తో భాగించండి. 0.69 మీటరు, అంటే 69 సెంటీమీటర్లు. రాకెట్టులో యాంటెనాగా ఉండే తీగ అందులో నాలుగో వంతు, అంటే సుమారు 17 సెంటీమీటర్లు. జానెడుకు తక్కువ! "ఇంత తీగేనా!" అని ఆశ్చర్యపోయింది పిల్ల. ఇక ఆ ప్రశ్న అది మరిచిపోలేదు.

మే నెలలో ఒక శనివారం పరీక్ష. మా ఊరి గ్రంథాలయంలో ఒక గది. పరీక్షకులు ముగ్గురూ నెరిసిన తలలవారే. జీతం తీసుకోకుండా వచ్చిన హామ్‌లు. తండ్రీ కూతుళ్ళు పక్క పక్క బల్లల దగ్గర కూచుని రాశారు. ముగ్గురు పరీక్షకులూ ఒకరి తరువాత ఒకరు ప్రతి కాగితాన్నీ దిద్దారు. మనుమరాలికి 35కు 33 వచ్చాయి. అల్లుడుగారికి 24!

"నాన్నకు నేను పాఠం చెపుతాను," అన్నది పిల్ల ఎంతో గంభీరంగా. చెప్పింది కూడా. ఆయన జూలైలో మళ్ళీ రాసి నెగ్గారు.

తరువాత 35 డాలర్లు రుసుము కడితే, కొద్దిరోజులలో ప్రభుత్వం వారి పట్టికలో దాని పిలుపు గుర్తు కనిపించింది. రెండు అక్షరాలు, ఒక అంకె, మళ్ళీ మూడు అక్షరాలు. ప్రపంచంలో మరెవరికీ ఉండని పేరు అది. పదేళ్ళు చెల్లుతుంది. తల్లితండ్రులకు ఒక మాట: ఆ పట్టికలో పేరూ, చిరునామా ఎవరైనా చూడవచ్చు. అందుకని మావాళ్ళు ఇంటి చిరునామాకు బదులు తపాలా పెట్టె నంబరు ఇచ్చారు.

అనుమతితో పాటు బాధ్యత కూడా వస్తుంది. హామ్ రేడియోతో డబ్బు సంపాదించరాదు. అర్థం దాచడానికి రహస్య భాష వాడరాదు. మాట్లాడుతున్నంతసేపూ పది నిమిషాలకు ఒకసారి, చివరకు మరొకసారి తన గుర్తు చెప్పాలి. రాకెట్టులోని పరికరం తాను పంపే ప్రతి కబురులోనూ మా మనుమరాలి గుర్తు చేర్చి పంపుతుంది. అంటే దాని మాటకు జవాబుదారీ మా మనుమరాలే.

వినడానికి తగిన యాంటెనా అది ఇంట్లోనే చేసింది. ప్లాస్టిక్ గొట్టానికి ఇనుప కొలత టేపు ముక్కలు అడ్డంగా కట్టింది. చూడడానికి చేపముల్లులాగా ఉంటుంది. పూర్వం మన డాబాలమీద టెలివిజన్ కోసం పెట్టినవి ఈ రకమే. 1926లో జపాను దేశపు శాస్త్రజ్ఞులు ఉడా, యాగి దీనిని లోకానికి తెలిపారు. దీని మొన ఎటు ఉంటే అటునుంచి వచ్చే సంకేతం గట్టిగా వినబడుతుంది. పక్కకు తిప్పితే తగ్గిపోతుంది.

ఇక ఎడారికి వద్దాం. మరునాటి ఉదయం పది గంటలకు మా వంతు వచ్చింది. రాకెట్టును ఇనుప పట్టామీద నిలబెట్టి, అందరూ దూరంగా వచ్చేశారు. పిల్ల చెవికి రేడియో ఆనించుకుని కూచున్నది. "టిర్... టిర్..." మని రాకెట్టు మాట వినబడుతూనే ఉన్నది.

"ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి!"

ముందు నిప్పు, ఆ తరువాత మోత. రెప్పపాటులో రాకెట్టు నీలి ఆకాశంలో తెల్లని గీత అయింది. మరో రెప్పపాటులో ఆ గీత కూడా లేదు. అందరూ తలలెత్తి వెతుకుతున్నారు. పిల్ల మాత్రం చేతిలోని చిన్న తెర చూస్తూ చదువుతున్నది. "ఆరు వేలు... తొమ్మిది వేలు... పదకొండు వేల తొమ్మిది వందలు... నాన్నా, దిగుతోంది!"

రాకెట్టు రెండు గొడుగులతో దిగుతుంది. శిఖరాన చిన్న గొడుగు. నేలకు 800 అడుగుల ఎత్తున పెద్ద గొడుగు. మొదటినుంచీ పెద్ద గొడుగే విప్పితే గాలికి ఏ ఊరో పోతుంది. చిన్న గొడుగుతో సెకనుకు 70 అడుగుల చొప్పున 11,200 అడుగులు దిగడానికి ఎంతసేపు? 160 సెకన్లు. పైన గాలి సెకనుకు 50 అడుగులు తోస్తే, ఆ కాస్సేపట్లో అది 8,000 అడుగులు పక్కకు పోతుంది. మైలున్నర! కళ్ళను నమ్ముకుంటే ఎందుకు దొరకదో చూశారా?

నేలకు 300 అడుగుల ఎత్తున ఉండగా ఆఖరి కబురు వచ్చింది. తరువాత మూగబోయింది. దీనికి కంగారుపడనక్కరలేదు. ఎత్తున ఉన్నవాడి కేక దూరం వినబడుతుంది. నేలమీద పడుకున్నవాడి కేక వినబడదు. ఆఖరి అంకెలు రాసుకుని కారులో బయలుదేరాము. మా ఎదట, దక్షిణాన, ఆకాశం అంచున బూడిదరంగు గీత ఒకటి లేచింది. ధూళి గోడ!

"గంటలోపల ఇక్కడికి వస్తుంది. అది దగ్గరికి వస్తే కారు ఆపేసి కూచోవాలి. వెతకడం ఇక రేపే, రాకెట్టు మిగిలి ఉంటే," అన్నారు అల్లుడుగారు.

అంకెలు చెప్పిన చోటికి చేరాము. అక్కడ రాకెట్టు లేదు.

పిల్ల మొహం చిన్నబోయింది. కాని నేలమీద చూస్తే, ఎవరో కర్రతో గీసినట్టు సన్నని గీత ఒకటి ఉత్తరంగా పోయింది. కొంతదూరం పోయి గట్టి నేలమీద అది కూడా మాసిపోయింది. విషయం అర్థమైంది. రాకెట్టు దిగింది; కాని పెద్ద గొడుగులో గాలి నిండి దానిని ఈడ్చుకుపోయింది. బల్లపరుపు నేలమీద దానిని ఆపేది ఏముంది?

రేడియో మళ్ళీ పెట్టారు. "టిర్..." మన్నది గాని, తెరమీద అంకెలు రాలేదు. పరికరం బోర్లాపడి ఉంటుంది. దానికి ఉపగ్రహాలు కనబడటం లేదు. నోరు ఉన్నది, కళ్ళు లేవు!

"అంకెలు లేకపోతే పోయె. దిక్కు ఉన్నదిగా!" అన్నది పిల్ల. చేపముల్లు యాంటెనా ఎత్తి మెల్లగా చుట్టూ తిరిగింది. ఎక్కడ అన్నిటికంటె గట్టిగా వినబడిందో అక్కడ ఆగింది. నేను దిక్సూచి చూసి కోణం చెప్పాను. అది గళ్ళ కాగితం మీద గీత గీసింది. తరువాత కారు తూర్పుగా సరిగ్గా అరమైలు పోయింది. అక్కడ మళ్ళీ దిక్కు చూసి రెండో గీత గీసింది. రెండు గీతలూ ఒకచోట కలిశాయి. "అక్కడ!" అని వేలు పెట్టింది.

అది ఎడారి అంచు. ధూళి పేరుకుని, ముళ్ళ తుప్పలు మొలిచిన చిన్న చిన్న తిన్నెలు. దగ్గరికి పోయేసరికి కొత్త చిక్కు. సంకేతం ఎంత గట్టిగా ఉన్నదంటే, యాంటెనా ఎటు తిప్పినా ఒకటే మోత. పిల్ల యాంటెనా ఊడదీసి, రేడియోను గుండెకు హత్తుకుని, నిలుచున్నచోటనే మెల్లగా గుండ్రంగా తిరిగింది. మన శరీరం తరంగాలకు అడ్డు. వీపు రాకెట్టు వైపు ఉన్నప్పుడు మోత తగ్గిపోతుంది. తగ్గగానే వెనక్కు తిరిగి నడిచింది. మూడో తిన్నె వెనక, తుప్పకు చిక్కుకుని, నారింజరంగు గొడుగు రెపరెపలాడుతున్నది.

పిల్ల పరుగెత్తబోయింది. "ఆగు తల్లీ!" అని అల్లుడుగారు ముందుపోయి, మందు రెండూ కాలినవో లేదో పక్కనుంచి చూసి, మీట కట్టి, అప్పుడు రమ్మన్నారు. దొరికిన రాకెట్టును కూడా ఇలాగే గౌరవించాలి. మేము కారులో ఎక్కి అద్దాలు బిగించుకున్న పావుగంటకు ధూళి మా మీదినుంచి పోయింది. అరగంట సేపు కారు ముందుభాగం కూడా కనబడలేదు. పిల్ల ఒళ్ళో ఆ చిన్న పలక ఉన్నది. లెక్కలన్నీ భద్రంగా ఉన్నాయి. శిఖరాన గాలి ఒత్తిడి, నేలమీద ఉన్నదానిలో మూడింట రెండు వంతులకంటె తక్కువని తేలింది.

ఇది ఆటే. కాని ఈ ఆటలో నేర్చిన విద్య ఆటగా మిగలదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ తరఫున భారతీప్రసాద్‌గారి బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నది. టెలిఫోన్లు మూగబోయాయి. అప్పుడు ఆ హామ్‌ల రేడియోలే అండమాను దీవులకూ, మన దేశానికీ మధ్య కబుర్లు మోశాయి. అయినవారి క్షేమం ఎందరికో వారివల్ల తెలిసింది. 2005 మే 5న మన శ్రీహరికోటనుంచి లేచిన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు, హామ్‌ల కోసమే చేసిన 'హామ్‌శాట్' అనే చిన్న ఉపగ్రహాన్ని ఆకాశంలో నిలిపింది. శ్రీహరికోటలో కూడా రాకెట్టు పైకి లేచిన క్షణంనుంచీ దాని మాట వినేవారు ఉంటారు. మాట వినబడని రాకెట్టు ఎంత గొప్పదైనా తప్పిపోయిన పిల్లవాడితో సమానమే.

మన దేశంలో కూడా 12 ఏళ్ళు నిండినవారు పరీక్ష రాసి హామ్ కావచ్చు. కేంద్ర ప్రభుత్వపు టెలికమ్యూనికేషన్ల శాఖ ఈ అనుమతి ఇస్తుంది. మనవారి పిలుపు గుర్తులు వి.యు. అనే అక్షరాలతో మొదలవుతాయి. అనుమతి లేకుండా రేడియో ప్రసారం చేయడం నేరం. రాకెట్టు మందు ఇంట్లో కలపడం నేరమే కాక ప్రాణాపాయం కూడా. ఆ పని ఎవరూ చేయవద్దు.

కాని రాకెట్టును వెతికే విద్య ఈ ఆదివారమే నేర్చుకోవచ్చు. దానికి ఏ అనుమతీ అక్కరలేదు. ఆటస్థలంలో దూరంగా ఒక చెట్టును ఎంచుకోండి. మీరు ఒకచోట, మీ స్నేహితుడు నూరు అడుగులు నడిచి మరొకచోట నిలబడండి. మీ ఇద్దరినీ కలిపే గీతకూ, చెట్టుకూ మధ్య కోణం ఎంతో ఇద్దరూ కోణమానినితో కొలవండి. కాగితంమీద పది అడుగులకు ఒక సెంటీమీటరు చొప్పున గీయండి. రెండు కోణాలూ 45 డిగ్రీలే అయితే, చెట్టు మీ ఇద్దరి నడుమనుంచి సరిగ్గా యాభై అడుగుల దూరాన ఉంటుంది. వేరే కోణాలు వస్తే? ముందు కాగితంమీద తేల్చండి. తరువాత అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, సరిపోయిందో లేదో చూడండి.